చెయ్యిచ్చిన పాప: జమ్మలమడుగు నుంచి పులివెందులకు చుట్టుదోవ ప్రయాణం

మా పాపకు మొదటి బహుమతి వచ్చింది! ఆ మాట ముందు చెప్పేస్తేగానీ నా వేళ్ళు ఫోను మీద కుదురుగా ఆడవు. మా సువర్ణకు, పులివెందుల కల్యాణ మండపంలో, కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకొని నిలబడిన సభలో, కొత్త యంత్రాలు కనిపెట్టినవాళ్ళ పోటీలో మొదటి బహుమతి! ఇంత పొడవు షీల్డు ఇచ్చారు. తిరుగుబస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే పక్కసీటాయన "కబడ్డీనాప్పా?" అని అడిగాడు. "కాదప్పా, చెయ్యి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మీకు అర్థమయ్యేటట్లు మొదటినుంచీ చెబుతాను.

నేను చదివింది ఏడో తరగతి. జమ్మలమడుగు పక్క పల్లెలో గొర్రెలు మేపుకుంటూ, ఉన్న కొంచెం చేనిలో శనగ వేసుకుంటూ బతికినవాణ్ణి. ఈ బ్లాగు పాప పెట్టిచ్చిందే. ఇంతకుముందు గండికోట గురించీ, మా ఇంటామె ఈశ్వరమ్మతో పోయిన తిరుమల గురించీ రాస్తే చదివి ఫోను చేసినవాళ్ళు చాలామంది. నేను రాసినదంతా పాప ఒకసారి దిద్దుతుంది. ఈసారి మాత్రం దిద్దనివ్వలేదు. దిద్దితే పొగడ్తలన్నీ తీసేస్తుంది, ఇంక మిగిలేది బస్సు టైములే.

సువర్ణ ఇడుపులపాయలో ఉండి ఇంజనీరింగు చదువుకుంది. చదువయ్యాక బెంగళూరు పోతుందనుకున్నాం, పోలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి పులివెందులలో మోటార్లు చుట్టే అంగడి వెనకాల ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుంది. ఆ పక్క ఏ చీనీ (బత్తాయి) తోట గట్టున చూసినా బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగు పైపు ముక్కలు పడి ఉంటాయి, నీలం రంగువి. వాటిని వేడి చేసి మెత్తబరిచి, కోసి, వంచి, మోటారు సైకిలు క్లచ్చు వైరు బిగించి, చెయ్యి లేనివాళ్ళకు చెయ్యి చేస్తారు. భుజానికి ఒక పట్టీ ఉంటుంది. భుజం కాస్త ముందుకు జరిపితే వైరు లాగి వేళ్ళు మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. వైరు తెగితే ఏ ఊరి మెకానిక్కయినా నిమిషాల్లో వేసిస్తాడు. పెద్ద పట్నాల్లో అమ్మే చేతుల ధర వింటే మందలో సగం అమ్మాలి. ఇది ఒక మేకపిల్ల ధరలో అయిపోతుంది.

మా జిల్లాలో చేతులు పోయినవాళ్ళు ఎందుకు ఎక్కువో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు ఇక్కడ ఊరికొక పార్టీ. పార్టీ అంటే ఓట్లప్పటిది మాత్రమే కాదు, ఫలానా నాయకుడి మనుషులు అని. ఒక నాయకుడి ఊరివాళ్ళు ఇంకొక నాయకుడి ఊరి దోవన పోయేవాళ్ళు కాదు. నాటుబాంబులు చుట్టుకొని పెట్టుకునేవాళ్ళు. చుట్టేటప్పుడు కొన్ని చేతుల్లోనే పేలేవి. నాయకుల చేతులు బాగానే ఉండేవి, చుట్టేవాళ్ళవి పోయేవి. ఇప్పుడు ఆ కాలం చాలావరకు సద్దుమణిగింది. చేతులు మాత్రం తిరిగి రాలేదు కదా. అందుకే పాప ఈ పని పెట్టుకుంది.

ఈ బహుమతి ఇచ్చేది ఒక ట్రస్టు. పెట్రోలు తక్కువ తాగే కారు దగ్గరనుంచి పేదవాళ్ళకు పనికొచ్చే చిన్న చిన్న యంత్రాలదాకా దేనికైనా ఇస్తారు. ఒకటే షరతు, వేదిక మీద పనిచేసి చూపించాలి. కారును నడిపి చూపించవచ్చు. చేతికి మనిషి కావాలి. వారం ముందు పాప ఫోను చేసింది.

"నాయనా, చెయ్యి తొడుక్కునే పెద్దాయన ప్రొద్దుటూరు అవతల పల్లె నుంచి వస్తాడు. ఒక్కడే అయితే దోవలో యాడో దిగి వెనక్కి పోతాడు. నువ్వు ప్రొద్దుటూరులో కలుసుకోని తోడుగా పిల్చుకోని రా. ఆయప్ప రాకపోతే మాకు పోటీయే లేదు."

"పేరేంది మా?"

"చూస్తే తెలుస్తాది లే. నీలం చెయ్యి."

ఫోను నంబరు మాత్రం ఇచ్చింది. బహుమతి వస్తే ఇంకా చాలామందికి చేతులు చేసిచ్చేదానికి ట్రస్టువాళ్ళే సాయం చేస్తారని, అప్పటికే అడిగినవాళ్ళు ఎదురుచూస్తున్నారని కూడా చెప్పింది. అంటే ఆ పెద్దాయనను క్షేమంగా చేర్చే పని నా మీద పడింది. మంద తోలుకొని పోయేవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. మంద నయం అని తర్వాత తెలిసింది.

పొద్దున ఆరు గంటలకు జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కాను. కండక్టరు నా సంచి చూసి, "పెళ్ళికాప్పా?" అన్నాడు. సంచి నిండా ఈశ్వరమ్మ చేసిన బొరుగుల ఉండలు, కర్జికాయలు. "మా పాపకు పులివెందులలో ప్రైజప్పా" అన్నాను, అప్పటికి ఇంకా రాకపోయినా. "పులివెందులకయితే ముద్దనూరు మీద పోవాల గదా, ఈ బస్సెందుకెక్కినావు?" అన్నాడు. నిజమే. జమ్మలమడుగు నుంచి పులివెందులకు ముద్దనూరు దోవే దగ్గర. ప్రొద్దుటూరు పోయేది వెనక్కి తిరిగి పోవడమే. "చెయ్యి కోసం పోతాండా" అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి ముందుసీట్లోకి పోయాడు. ప్రొద్దుటూరుకు గంట కూడా పట్టలేదు. చార్జీ పెద్దగా లేదు కానీ చిల్లర పెట్టుకోండి. పొద్దున బస్సులో నోటిస్తే చిల్లర దిగేటప్పుడిస్తామంటారు, దిగేటప్పుడు మనం మరిచిపోతాం.

ప్రొద్దుటూరు బస్టాండులో నీలం చేతి మనిషి కనపడలేదు. ఈ చివరనుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాను. పులివెందుల బస్సు వచ్చే వేళ దగ్గరపడుతోంది. చివరికి నంబరు తీసి ఫోను కొట్టాను.

"అప్పా, పులివెందులకు రావాల్సింది మీరేనా? యాడుండారు?"

"బస్టాండులోనే ఉండా. నువ్వెవురు?"

"నేను సువర్ణ వాళ్ళ నాయన్ని."

 అటువైపు నుంచి నిదానంగా, "నీ కూతురు నాకు చెయ్యిచ్చిందప్పా" అన్నాడు.

 చెయ్యిచ్చిందంటే మా పక్క ఏమిటో మీకు తెలుసు. నమ్మించి నట్టేట వదిలేసిందని. ఆడపిల్ల గురించి ఒక పరాయి ఊరి పెద్దమనిషి ఆ మాటంటే ఏ తండ్రి ప్రాణం నిలుస్తుంది?

"అట్లనాకప్పా! మా పాప అట్లాంటిది కాదు."

"కాదనేదేముంది? ఇచ్చింది గదా. మా ఊరంతా చూసింది."

"ఏదన్నా తప్పు జరిగింటే నేను సర్ది చెప్తా సామీ. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకురా పట్టుకునేది? చెయ్యే పట్టుకో. వెనక్కి తిరుగు."

తిరిగాను. నాలుగడుగుల దూరంలో, సిమెంటు బల్ల మీద, తెల్లపంచె కట్టుకున్న మనిషి. చెవి దగ్గర ఫోను. ఆ ఫోను పట్టుకున్నది నీలం చెయ్యి. ముంజేతి మీద తువ్వాలు కప్పుకొని ఉన్నాడు కాబట్టి నేను రెండుసార్లు ముందరే పోయినా కనిపెట్టలేదు. చేతిని చూసి, తర్వాత మొగం చూశాను. మా ఓబులేసు బావ!

ఓబులేసు బావ అంటే మా నాగక్క మొగుడు. మాకు తోడబుట్టిన ఆడకూతురు ఆమె ఒక్కతే. అక్కను ఇచ్చిన ఊరు ఒక నాయకుడి వైపు, మా ఊరు ఇంకొకరి వైపు. పెండ్లయిన కొన్నేండ్లకే దోవలు మూసుకుపోయాయి. బావకు చెయ్యి పోయిందని విన్నాం. చూడబోయే రోజులు కావు అవి. ఆ ఊరికి మేం పోలేదు, ఈ ఊరికి వాళ్ళు రాలేదు. శుభానికీ పిలుపు లేదు, అశుభానికీ పిలుపు లేదు. బావ తల నల్లగా ఉన్నప్పుడు చూసినవాణ్ణి, ఇప్పుడు చూస్తే పూర్తిగా పత్తి.

"నీకు తెలుసునా బావా, సువర్ణ నా కూతురని?"

"మొదటిరోజే. చేతులు కొలవడానికి మా ఊరికొచ్చింది. మీ అక్క చూసి, ఇది మా ఇంటి ముక్కు, యాడనుంచి వచ్చినావు మే అని గడ్డం పట్టుకునింది. ఇంగ దాచేదేముంది?"

"మరి నాకు ఒక్కరూ చెప్పలేదే!"

"చెయ్యి కుదిరినాక చెప్తానని నీ కూతురే అనింది. మొండిది. అదీ మీ ఇంటిదే."

సంతోషపడాలో అలగాలో తెలియలేదు. రెండూ అయ్యాక ఆకలేసింది. బస్టాండు బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి పసుపూ పుట్నాలపొడీ వేసి చేసే ఉగ్గాని ప్రొద్దుటూరులో తినకుండా పోతే మీ ప్రయాణం సగమే. బండి ఆమె ప్లేట్లు అందిస్తూ, బావ చెంచాను నీలం వేళ్ళతో పట్టుకోవడం చూసి, "అబ్బ, యాడ చేయించినావు మామా? మా ఆయనకు రెండు చేతులుండీ ఒక ప్లేటు కడగడు" అంది. బావ నవ్వాడు. నవ్వినా తువ్వాలు మాత్రం సర్దుకున్నాడు. ఎడంచేత్తో తినాల్సివస్తుందని ఇన్నేండ్లూ ఏ పెండ్లిలోనూ పంక్తిలో కూర్చోలేదని నాకు అప్పుడు చెప్పాడు.

పులివెందులకు మాకు దొరికిన బస్సు ఎర్రగుంట్ల, వేంపల్లె మీదుగా పోయేది. పెన్న వంతెన దాటాక కొంతసేపు బాగుంటుంది, ఎర్రగుంట్ల దగ్గర సున్నపురాయి దుమ్ముకు కిటికీ మూసుకోవాల్సిందే. దుమ్ము తగ్గాక బావ, నేను మాట్లాడుకోవాల్సిన మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గొర్రెల గురించి మాట్లాడుకున్నాం. ఏ జబ్బుకు ఏ మందు, ఏ సంతలో ఏ ధర. మధ్యలో నేను అక్క ఎట్లా ఉందని అడిగాను. "మోకాళ్ళు నొస్తాయంటాది. నోరు మాత్రం బాగుండాది" అన్నాడు. నా కండ్లలో నీళ్ళు తిరిగాయి. అక్క నోరు నాకు తెలుసు.

వేంపల్లెలో బస్సు కాసేపు ఆగింది. టీ తాగుదామని దిగాం. టీ అంగడి పక్కన పెద్ద ఫ్లెక్సీ, మేం పోతున్న సభదే! నేను సంబరంగా పాప ఫోటో ఎక్కడుందోనని వెతుకుతున్నాను. ముఖ్య అతిథుల ఫోటోలు తలుపులంత, పోటీలో ఉన్న పిల్లల ఫోటోలు పోస్టు బిళ్ళలంత. బావ మాత్రం పైన చూస్తున్నాడు. అక్కడ ఇద్దరు నాయకులు, సరిగ్గా ఒకే కొలతలో. మా వైపు పెద్దాయన ఒకరు, వాళ్ళ వైపు నాయకుడి కొడుకు ఒకరు.

"వీళ్ళు వస్తాండారా?"

"ఇద్దురూ వస్తాండారంట."

"ఈ పిల్లోని నాయన కోసమే రా నేను చుట్టింది." చాలా మెల్లగా అన్నాడు. "ఆయప్ప ముందర, అంతమంది ముందర, ఎట్ల పోయింది చెయ్యి అని అడగరా? ఏం చెప్పాల? ఇన్నేండ్లూ ఎవురడిగినా మోటారు బెల్టులో పడిందని చెప్తాండా."

డ్రైవరు హారను కొట్టాడు. బావ కదల్లేదు. భుజం పట్టీ విప్పి, నీలం చేతిని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పో. చెయ్యి ఒక్కటే చాల్లే, పాపకు చెప్పు."

"చెయ్యి ఒక్కటే తీసుకోని నేనేం చేసుకునేది బావా? నాకు రెండుండాయి."

కండక్టరు "వస్తారా రారా?" అని రెండుసార్లు అరిచి, విజిలు కొట్టాడు. బస్సు పోయింది. నా సంచి, బొరుగుల ఉండలు, కర్జికాయలు కూడా దాంతోనే పోయాయి. పదకొండు గంటలకు సభ. నేను రోడ్డు పక్కన ఒక చేతిని చంకలో పెట్టుకొని నిలబడ్డాను. పోయేవాళ్ళు చూసి చూసి పోతున్నారు. అప్పుడు ఫోను మోగింది. సువర్ణ.

"ఎత్తు" అన్నాడు బావ.

"నువ్వే ఎత్తు. నాతో ఏం చెప్పమంటావు?" అని ఫోను ఆయన ఎడంచేతికిచ్చాను. ఆయన "నేను మా" అన్నాడు. ఫోను గట్టిగా పెట్టుకునే అలవాటు కాబట్టి పాప మాట నాకూ వినపడింది.

"మామా, మీరిద్దురూ ఉగ్గాని తిన్యారా?" అంతే అడిగింది. ఎక్కడున్నారని అడగలేదు, ఎంతసేపని అడగలేదు.

బావ ఫోను చెవికి దగ్గరగా జరుపుకున్నాడు. "తిన్యాం మా. వస్తాండాం."

ఫోను పెట్టేసి, కాసేపు ఆ ఫ్లెక్సీనే చూసి, భుజం నా వైపు తిప్పాడు. పట్టీ నేనే బిగించాను. చెయ్యి తగిలించడం నాకు రాదు, ఆయనే చెబుతూ ఉంటే కట్టాను. బావను ముట్టుకున్నది అక్క పెండ్లినాడు కాళ్ళు కడిగినప్పుడు, మళ్ళీ ఇప్పుడు.

వేముల పక్క తోటలకు అరటిగెలల కోసం పోతున్న ఒక చిన్న లారీ మమ్మల్ని ఎక్కించుకుంది. డ్రైవరు మా పాప ఈడువాడు, మాటకారి. గేరు మార్చినప్పుడల్లా బావ చేతి వైపు చూస్తున్నాడు.

"ఆ చెయ్యి ఎట్ల పోయింది మామా?"

"మోటారు బెల్టు" అన్నాడు బావ, రోడ్డు చూస్తూ.

డ్రైవరు పకపకా నవ్వాడు. "మా పెద్దనాయనకూ బెల్టే. మా ఊరి చలపతికీ బెల్టే. ఈ పక్క నీ వయసోళ్ళందరికీ బెల్టే కొట్టింది గదా మామా. మోటార్లు లేని ఊర్లల్లో గూడా!"

నేను నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. బావ అతని వైపు తిరిగి చూశాడు. కోపమొచ్చిందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడు. నవ్వితే భుజం కదిలి, వైరు లాగి, నీలం వేళ్ళు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. అది చూసి ముగ్గురం ఇంకా నవ్వాం. వేముల దాటి పోవాల్సిన పని లేకపోయినా, ఆ అబ్బాయి మమ్మల్ని పులివెందుల దాకా తెచ్చి దింపాడు. ఏమిచ్చినా తీసుకోలేదు. "మా పెద్దనాయనకు గూడా ఒకటి చేయమని చెప్పండి" అన్నాడు. పేరూ ఊరూ రాసుకున్నాను.

మండపం ముందర రంగు రంగుల షామియానా. బయట కారు పెట్టారు, ఇంజనీరింగు పిల్లలు చేసింది. కొంచెం పెట్రోలుతో చాలా దూరం పోతుందట. పడవలాగా సన్నగా ఉంది, ఒక మనిషి పడుకొని నడపాలి. చీనీకాయలు కింద పడి దెబ్బతినకుండా కోసే కర్ర ఒకటి, నెలలు నిండక పుట్టిన బిడ్డలను వెచ్చగా పెట్టే పెట్టె ఒకటి. ఆ పెట్టె చూస్తే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది, మా పాప పోటీ అయినా సరే. సువర్ణ ఎదురొచ్చింది. బావనూ నన్నూ పక్కపక్కన చూసింది. మూతి బిగించుకొని, "దుమ్ము కొట్టుకోనుండారు, మొగం కడుక్కోండి" అని ట్యాపు చూపించింది. అటు తిరిగాక చున్నీతో కండ్లు తుడుచుకుంది. నేను చూడలేదనుకుంది.

వేదిక మీద కుర్చీలు చూడాలి మీరు! మధ్యలో నిర్ణేతలు, ఈ చివర ఒక నాయకుడు, ఆ చివర ఇంకొక నాయకుడు. దండలు ఒకే కొలత, నీళ్ళ సీసాలు ఒకే కొలత. దండలు వేసే మనుషులు కూడా ఒకేసారి వేయాలని ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని చేతులు లేపారు. కింద జనం కూడా అట్లాగే రెండు వైపులా కూర్చున్నారు. బావను వేదిక మెట్ల దగ్గర వదిలి నేను ఎటు కూర్చోవాలో తెలియక మధ్యలో నడిచే దోవలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను.

సువర్ణ వంతు వచ్చింది. ఎంత చక్కగా మాట్లాడిందో! చెయ్యి ఎట్లా చేస్తారో చెప్పింది, బావ చేత గ్లాసు ఎత్తించింది, తాళం తీయించింది, బొక్కెన మోయించింది. కండ్లద్దాల నిర్ణేత ఒకాయన, "బాగుందమ్మా. కానీ బరువు మోసే చౌక చేతులు ఇంతకుముందు కూడా వచ్చాయి కదా. నీ చేతిలో కొత్తదనం ఏమిటి?" అని అడిగాడు.

"ఇది దండం పెడుతుంది సార్."

జనం నవ్వారు. పాప ఆగి, మళ్ళీ చెప్పింది. మొదట చేసిన చెయ్యి కొక్కీ మాదిరి ఉండేదట. బావ రెండురోజులు తొడుక్కొని గోడకు తగిలించేశాడు. ఎందుకు మామా అంటే, పట్టుకునేదానికి ఎడంచెయ్యి ఉండాది మా, నాకు దండం పెట్టే చెయ్యి కావాల అన్నాడట. పెండ్లిలో, గుడిలో, పెద్దవాళ్ళ ముందర ఒంటిచేత్తో దండం పెడితే చూసేవాళ్ళకు పొగరు మాదిరి ఉంటుంది. అందుకే మనుషుల్లోకి పోవడమే మానేశాడట. అప్పుడు పాప ఆ పైపు ముక్కను మళ్ళీ వేడి చేసి, అరచెయ్యి చదును చేసి, వేళ్ళు నిటారుగా తెరుచుకునేటట్లు వైరు మార్చిందట. అది కుదరడానికే ఎక్కువ కాలం పట్టిందని చెప్పింది.

నిర్ణేత బావ వైపు తిరిగాడు. "చెయ్యి ఎట్లా పోయింది పెద్దాయనా?"

 రెండు వైపుల జనానికీ జవాబు తెలుసు. చివర కుర్చీల్లో ఉన్న ఇద్దరికీ తెలుసు. సువర్ణ మైకు పట్టుకొని బావనే చూస్తోంది. నా నోటిలో బెల్టు అనే మాట తయారుగా ఉంది, ఆయనకు రాకపోతే నేనే అరిచి అందిద్దామని.

బావ ముంజేతి మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "నాటుబాంబు చుడతాంటే పోయింది సార్. మా బావమరిది వాళ్ళ ఊరి మీదికని చుట్టినా. ఆయప్ప ఆడ కూచోనుండాడు. ఆయప్ప కూతురే ఈ పాప."

అంతే చెప్పాడు. ఒక అడుగు ముందుకు వేసి, భుజం వదిలాడు. వైరు టక్కుమంది. నీలం వేళ్ళు తెరుచుకున్నాయి. ఎడమ అరచేతిని తెచ్చి ఆ అరచేతికి ఆనించి, నేను కూర్చున్న దోవ వైపు తిరిగి, రెండు చేతులా దండం పెట్టాడు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. వేదిక మీద వాళ్ళ వైపు నాయకుడు లేచి నిలబడ్డాడు. ఒకరు లేస్తే రెండోవారు కూర్చోలేరు కదా, మా దగ్గర అంతే. మా వైపు పెద్దాయన కూడా లేచాడు. తర్వాత జనం. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో గానీ కారు చేసిన పిల్లలు అందరికంటే గట్టిగా కొట్టారు, బంగారు పిల్లలు! ఆ కారుకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎవరిదో పైనే చెప్పేశాను. మళ్ళీ చెబుతాను: మా సువర్ణది!

సభ అయ్యాక భోజనాలు. రాగిసంగటి, చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి పచ్చడి, కోడికూర. నేలమీద బారుగా ఆకులు వేశారు. బావ ఒకసారి ఆకు చూసి, ఒకసారి నన్ను చూసి, పంక్తిలో కూర్చున్నాడు. కుడిచేతి నీలం వేళ్ళలో చెంచా పెట్టుకున్నాడు. సంగటిని చెంచాతో తినే కర్మ ఆయన ఒక్కడికే ఎందుకని నేనూ చెంచా తెచ్చుకున్నాను. ఇద్దరం సంగటిని చెంచాలతో నానా కష్టాలు పెట్టి తిన్నాం. వడ్డించే అబ్బాయి "ఏంది తాతా, టౌనోళ్ళా?" అన్నాడు. "అవునప్పా, శానా పెద్ద టౌను" అన్నాడు బావ.

రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక ఒకటి అనిపించింది. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఎన్నో కనిపెడతారు. పెట్రోలు మిగిల్చే కారు గొప్పదే, బిడ్డలను బతికించే పెట్టె ఇంకా గొప్పది. కానీ ఒక మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడిగి, ఆయన చెప్పినదాన్ని నవ్వులాటగా తీసుకోకుండా చేసిచ్చింది మా పాప. ఆ గుణం ఎక్కడిదో నాకు తెలియదు. నాది మాత్రం కాదు, ఈశ్వరమ్మది అయ్యుండాలి. మాకూ బావకూ మధ్య ఇన్నేండ్లు ఏ పెద్దమనుషుల పంచాయితీ చేయలేని పని, బోరు పైపు ముక్క చేసింది. ఇకమీదట మా పాప చెయ్యిచ్చిందని ఎవరన్నా అంటే నేను భయపడను. అవునప్పా, ఇచ్చింది అంటాను.

ఈ దోవన పోయేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. పులివెందులకు తొందరగా పోవాలంటే ముద్దనూరు మీదుగా పోండి. నామాదిరి చుట్టుదోవన పోతే మాత్రం వేంపల్లెలో టీకి దిగేటప్పుడు సంచి కూడా దించుకోండి. మా సంచి పులివెందుల బస్టాండులో భద్రంగానే దొరికింది, ఆ కండక్టరుకు పుణ్యముంటుంది. కర్జికాయలు మాత్రం సగమే ఉన్నాయి.

ఇంక ఈ సంగతి చెప్పాల్సినవాళ్ళు. ఇది చదివిన మనవాళ్ళు ఎవరికి వీలైతే వాళ్ళు పంచుకోండి.

ముద్దనూరులో మా గంగన్న. చెవులు వినపడవు, ఇంటికి పోయి గట్టిగా చెప్పాలి.

ఈశ్వరమ్మ అన్నలు ఇద్దరికీ. ఒకేసారి చెప్పండి, ముందు ఎవరికి చెప్పారని అలుగుతారు.

మైదుకూరు పెద్దమ్మ, ఎర్రగుంట్ల చిన్నాయన.

బద్వేలులో మా పెద్దపాప అత్తగారివాళ్ళు. షీల్డు ఫోటో కూడా పంపండి.

తాడిపత్రి మేనత్త. ఆడపిల్లకు ఇంజనీరింగెందుకని అడిగింది ఆమే. ఆమెకు రెండుసార్లు చెప్పండి.

నాగక్కకు మాత్రం ఎవరూ ఫోను చేయొద్దు. బావ కూడా చెప్పనని ఆ నీలం చెయ్యి నా చేతిలో వేసి ఒట్టు పెట్టాడు. రేపు పొద్దున బస్సుకు ఈశ్వరమ్మనూ, సువర్ణనూ, షీల్డునూ తీసుకొని నేనే ఆ ఊరికి పోతున్నాను. అక్కకు నేనే చెప్పాలి.